ఉత్తరం కిటికీ గంతలు

నీడను ఘనపుటడుగుల్లో కొలిపించి, మంచి ధరకి అమ్మిన ఇంజినీరును మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. విజయనగరంలో ఒక పాత భవనానికి వందేళ్ళకు పైగా అంటిపెట్టుకుని ఉన్న నీడను మేకులతో సహా పీకించి, పాత టేకు కింద లెక్క కట్టించి, కంట్రాక్టరు మొదట చెప్పిన ధర మీద మూడో వంతు పెంచి మరీ అంటగట్టాను. అతను తల పట్టుకున్నాడు. మా ఆఫీసులో వారం రోజులు నా బేరం గురించే చెప్పుకున్నారు. ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో అంత తెలివైన పని నేను ఇంకొకటి చెయ్యలేదు. అంత బుద్ధితక్కువ పని కూడా చెయ్యలేదు. రెండూ ఒకటే పని.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, 'మీ అనుభవంలో పెద్ద విజయం చెప్పండి సార్' అంటుంటారు. విజయాలు అందరూ చెబుతారు. నేను ఇది చెబుతాను.

రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళున్నప్పుడు, పాత ప్రభుత్వ భవనం ఒకదాన్ని చిత్రకళా ప్రదర్శనశాలగా మార్చే పని నా చేతికొచ్చింది. సున్నపు గోడలు, మోకాలెత్తు పునాది, ఇరవై అడుగుల ఎత్తు కప్పు. ఒకప్పుడు అందులో రెవెన్యూ కాగితాలుండేవి. మధ్యలో పెద్ద హాలు. దాని ఉత్తరపు గోడకి బాగా ఎత్తున, కప్పుకి కాస్త కింద, ఆరు నిలువు కిటికీలు. తక్కిన మూడు గోడలకీ కిటికీలే లేవు. బొమ్మలు తగిలించడానికి అంతకంటే మంచి గోడలు దొరకవు.

డిజైను చెయ్యడానికి విశాఖపట్నం నుంచి ఒక ఆర్కిటెక్టమ్మాయి వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉండవు. మెడలో వెలుతురు కొలిచే మీటరు వేలాడదీసుకుని, హాల్లో అడుగడుగుకీ ఆగి కాగితం మీద అంకెలు వేసుకునేది. ట్యూబులైట్లు పెట్టేస్తే సరిపోదా అని అడిగాను.

"ఇక్కడ పెట్టబోయే బొమ్మలు వేసినవాళ్ళ ఇళ్ళలో కరెంటే లేదు సార్. పగటి వెలుతురులో వేసినవి పగటి వెలుతురులో చూస్తేనే రంగు తెలుస్తుంది. పైగా ఉత్తరపు వెలుతురు మెత్తగా ఉంటుంది, రోజంతా పెద్దగా మారదు" అంది.

కరెంటు బిల్లు తగ్గుతుందన్నది నాకు అర్థమయింది. సరే అన్నాను.

ఇక ఆ నీడ సంగతి. ప్రతి కిటికీకీ బయట, కుడివైపొకటి ఎడమవైపొకటి, కిటికీ అంత పొడుగున్న టేకు బల్లలు గోడలోంచి మూడడుగులు ముందుకి పొడుచుకొచ్చి నిలబడి ఉండేవి. ఆరు కిటికీలకి పన్నెండు బల్లలు. నల్లబడిపోయి, పావురాల రెట్టలతో చూడ్డానికి అసహ్యంగా ఉండేవి. కిటికీకి పైన ఉంటే వాన పడకుండా అనుకోవచ్చు. పక్కన నిలబెట్టి ఏం లాభం? నాకు మాత్రం వాటిని చూడగానే లోపలున్న చేవ కనబడింది. రాజాం బజారులో కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. వస్తువు ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా ఎంతకి పోతుందో చెప్పగలను.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయిని బయట నిలబెట్టి అడిగాను.

"ఈ బల్లలు ఉంచమని డ్రాయింగులో రాసేవేటమ్మా? ఎందుకు?"

"ఎందుకో తెలీదు సార్. తెలీదు కాబట్టే ఉంచమన్నాను."

"ఉత్తరం గోడకి ఎండొస్తాదా?"

"రాదు సార్. పుస్తకాల్లో అలాగే ఉంది. కానీ ఈ పుస్తకాలు రాసింది మన ఊళ్ళో కాదు. ఒకసారి జూన్‌లో వచ్చి చూస్తే..."

"జూన్ దాకా ఆగుదామన్నా ప్రారంభోత్సవం పెద్దలు నన్ను ఆగనివ్వరు. నీకు ఆ ఫిల్ము గాజు కావాలన్నావు కదా?"

కంటికి కనబడని కిరణాల్ని ఆపే ఫిల్ము ఉన్న ఖరీదైన గాజు కిటికీలకి కావాలని ఆ అమ్మాయి మూడు నెలలుగా అడుగుతోంది. డబ్బు లేదని పైవాళ్ళు రెండుసార్లు కొట్టేశారు. పాత సామాను విలువను కంట్రాక్టరు బిల్లులోంచి తగ్గిస్తే ఆ మేరకి గాజుకి చోటు దొరుకుతుంది.

"పన్నెండు బల్లలు నాకొదిలీ. నీ గాజు నీకు వస్తాది" అన్నాను.

మర్నాడు ఫోన్ చేసి ఒప్పుకుంది. చిన్నపిల్ల, పైగా తనకి కావలసింది ఎదురుగా పెట్టి అడిగాను. అలాంటప్పుడు మనిషి ఎటు మొగ్గుతాడో కొట్లో కూర్చున్నవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

బల్లలు విప్పే రోజున ముసలి తాపీ మేస్త్రి సుత్తి పక్కన పెట్టి నిలబడిపోయాడు. వాళ్ళ తాత నుంచీ ఆ భవనం మరమ్మతులు వాళ్ళే చేసేవారట.

"గంతలు తీసీమంటన్నారేటి బాబూ?"

"గంతలేటి?"

"జట్కా గుర్రానికి కళ్ళ పక్కన కడతారు కదేటి, పక్కసూపు నేకుండా. కిటికీకి ఇయ్యి అయ్యే. మా తాత గంతలనీవోడు."

"తీసీస్తే ఏటవుతాది?"

అతను తల పైకెత్తి బల్లల కేసి చూశాడు. "నాకేటి తెలుసు? గంతలు తీసిన గుర్రం బెదురుతాది. ఇల్లు బెదురుతాదో నేదో మీరే సదువుకున్నోరు సెప్పాలి."

నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. 'ఇల్లు బెదురుతుందట' అని సాయంత్రం టీకొట్టు దగ్గర మరో నలుగుర్ని నవ్వించాను. ఆ ముసలాయన ఒక్క మాటలో శాస్త్రమంతా నా చేతిలో పెట్టాడు. పక్కచూపు అన్నాడు. పక్కనుంచి ఏం వస్తుందయ్యా అని నేను అడగలేదు.

ఇక బొమ్మలు. అందులో పద్నాలుగు నీటిరంగుల బొమ్మలు ఒక్కరివే. ఆయన ఎప్పుడో మిషన్ బడిలో డ్రాయింగు మాస్టారు. కోటబొమ్మాళి సంతలో పశువులు, ఆకుమడిలో వంగిన ఆడవాళ్ళు, వానలో బడి వరండా, ఇలా మన చుట్టూ ఉన్నవే వేశాడు. ఆయన కూతురు శృంగవరపుకోటలో ఉండేది. ఆమె కూడా మిషన్ బడిలోనే చేసి రిటైరైన టీచరమ్మ. పదమూడు బొమ్మలు అడగ్గానే ఇచ్చింది. పద్నాలుగోది మాత్రం ఇవ్వనంది.

అది వాళ్ళమ్మ బొమ్మ. గుమ్మంలో నిలబడి చేటతో బియ్యం చెరుగుతున్న మనిషి, ఒంటి మీద ఎర్ర చీర. ఆ ఎరుపు చూస్తే ఎవరికైనా కళ్ళు నిలబడిపోతాయి.

"మా క్రైస్తవుల్లో పెళ్ళికి తెల్ల చీరే కదండీ" అంది టీచరమ్మ. "మా అమ్మ మర్నాడే చెప్పేసిందట, 'ఇంక నాను బతికున్నన్నాళ్ళూ ఎరుపే కడతాను' అని. మా నాన్నకి ఆ రంగు కొట్లో దొరకలేదు. లక్క నానబెట్టి, వడకట్టి తనే చేసుకున్నాడు. అమ్మకి ఫోటో ఒక్కటీ లేదు సారూ. ఉన్నది ఇదే."

ఆ బొమ్మను ఆమె ట్రంకు పెట్టెలో, నల్ల గుడ్డలో చుట్టి ఉంచేది. ఏడాదికోసారి తీసి చూసుకునేది. నాకు ఆ బొమ్మ కావాలి. అది లేకపోతే హాలుకి నడిబొడ్డున ఏముంటుంది? మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. మూడోసారి కాఫీ గ్లాసు పట్టుకుని నా పెద్ద మాట బయటికి తీశాను.

"పెట్లో ఉంటే ఎవరు సూస్తారమ్మా? చెద పట్టీస్తాది, తేమ తినీస్తాది. మా దగ్గర ప్రత్యేకంగా తెప్పించిన గాజుంది. మీ ఇంట్లో కన్నా భద్రం. నా మాట మీద పంపండి."

నా మాట మీద పంపింది.

ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. తూర్పు గుమ్మంలోంచి అడుగు పెట్టగానే, ఎదురుగా పడమటి గోడ మీద ఎర్ర చీర. పైనుంచి పాల మీగడలాంటి వెలుతురు. మంత్రులూ అధికారులూ సైతం గుమ్మంలోనే ఆగిపోయారు. ఆర్కిటెక్టమ్మాయి మీటరు చూపించి, 'యాభై సార్, సరిగ్గా యాభై' అని పసిపిల్లలా గెంతింది. నీటిరంగులకి అంతకు మించి వెలుతురు ఉండకూడదట. పని తృప్తికరంగా పూర్తయిందని రాసి నేను సంతకం పెట్టాను.

మరుసటి ఏడాది జూన్‌లో, మృగశిర కార్తె వచ్చినా వాన చుక్క రాలని ఒక రోజున, ప్రదర్శనశాల నుంచి ఫోనొచ్చింది. 'టీచరమ్మ వచ్చారు సార్. బొమ్మ ముందు నిలబడిపోయారు. ఎంత పిలిచినా పలకడం లేదు' అన్నారు. నేను వెళ్ళేసరికి ఆమె చేతిసంచీ నేల మీద పడి ఉంది. నన్ను చూసి తిరిగింది. టీచరు భాష అంతా ఎక్కడికి పోయిందో మరి.

"సారూ, మా అమ్మ సీరేదండీ?"

నేను బొమ్మ చూశాను. గుమ్మం ఉంది, చేట ఉంది, మనిషి ఉంది. చీర తెల్లగా ఉంది. పూర్తి తెలుపు కూడా కాదు, ఉతికి ఉతికి పాతబడ్డ గుడ్డలాగ. పక్కనెవరో కాలేజీ పిల్లలు 'పెళ్ళికూతురి బొమ్మరా' అనుకుంటూ పోతున్నారు.

నెలకోసారైనా ఆ హాల్లోకి వస్తూనే ఉన్నాను. కొంచెం కొంచెంగా పోయే రంగు తరచూ చూసేవాడికి తెలియదు. అలా పోయిందేమోనని కూడా నాకు అప్పుడు తట్టలేదు. నా బుర్రకి తట్టింది ఒక్కటే. దొంగతనం. అసలు బొమ్మ ఎవరో కొట్టేసి నకలు పెట్టారు. తాళాలు ఎవరి దగ్గరున్నాయి? వాచ్‌మన్ దగ్గర.

అతన్ని పిలిచాను. యాభై దాటిన మనిషి, భవనం వెనకగదిలోనే కాపురం. అందరి ముందూ నేను అడిగిన మొదటి మాట వినండి.

"ఎంతకి అమ్మేవు?"

అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడిపోయింది. "నానా బాబూ?" అన్నాడు. "నా పిల్లల మీద ఒట్టు..." అంటూ గోడకి జారగిలబడి కూర్చున్నాడు. పోలీసులకి ఫోన్ చెయ్యమని నేను అరుస్తున్నాను.

టీచరమ్మే ఆపింది. "ముందు ఫ్రేము విప్పండి. వెనక మా నాన్న చేతిరాత ఉంటుంది" అంది.

మేజా మీద బోర్లా పెట్టి మేకులు తీశాం. వెనకవైపు పెన్సిలుతో ఆయన చేతిరాత అలాగే ఉంది. బొమ్మ అదే. తిప్పి, అంచుల మీద కప్పిన అట్టను పైకెత్తాను. అట్ట కింద దాగిన అంచులో, వేలెడు వెడల్పున, చీర కొంగు చివర ఎర్రగా ఉంది. నిన్ననే వేసినంత ఎర్రగా. అట్ట ఎక్కడితో ఆగిందో ఎరుపు అక్కడితో గీత గీసినట్టు ఆగిపోయింది.

ఆ గీత నాకు తెలుసు. మా నాన్నది బట్టల కొట్టు. గాజు బీరువాలో వీధివైపున్న చీరల్ని పదిహేను రోజులకోసారి తిప్పి మడతపెట్టమనేవాడు. తిప్పకపోతే మడత పైభాగం వెలిసిపోయి, విప్పినప్పుడు సరిగ్గా అలాంటి గీతే కనబడేది. పదేళ్ళ వయసులో ఆ చీరలు తిప్పిన చేతులు ఇవే. ఎండ. ఇది ఎండ చేసిన పని. కానీ ఈ హాల్లోకి ఎండ రాదు కదా!

"ఇక్కడికి ఎండొస్తాదా?" అని నేలమీద కూర్చున్న మనిషిని అడిగాను.

"వస్తాది బాబూ" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "పొద్దున్నే వస్తాది. మీరు రాకముందే ఎల్లిపోద్ది."

ప్రదర్శనశాల తెరిచేది పదిన్నరకి, మూసేది అయిదింటికి.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పలేదు?"

"ఏటని సెప్పాలి? ఎలుతురు డిజైను, ఎలుతురు డిజైను అని అందరూ అన్నారు. అమ్మ మీద ఎండ పడతంటే బంగారంలాగుంటాది. మీరే అలగ పెట్టించేరనుకున్నాను."

ఆర్కిటెక్టమ్మాయికి ఫోన్ చేశాను. ఆ రాత్రికే వచ్చేసింది. మర్నాడు తెల్లవారి అయిదున్నరకి నలుగురం ఆ హాల్లో నిలబడ్డాం. టీచరమ్మ కుర్చీ వద్దంది. ఖాళీ గోడ మీద, బొమ్మ ఉండే చోట, నేను సుద్దముక్కతో నాలుగు గీతలు గీశాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత పడమటి గోడ మీద, బాగా పైన, కప్పు దగ్గర ఒక పసుప్పచ్చ ముక్క పుట్టింది. ఉత్తరపు కిటికీలోంచి, ఏటవాలుగా, పక్కనుంచి. నిమిష నిమిషానికీ అది గోడ మీదుగా కిందికి దిగింది. దొంగ నిచ్చెన దిగినంత నెమ్మదిగా, దారి బాగా తెలిసినవాడిలాగ. ఆరున్నర దాటాక నా సుద్దగీతల్లోకి వచ్చింది. ముప్పావుగంట అక్కడే ఉంది.

ఆ అమ్మాయి మీటరు పెట్టి చూసింది. అంకె చదవలేదు. మీటరు నా చేతిలో పెట్టి మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. నేను వెనకాలే వెళ్ళాను.

"ఇది చల్లదేశం కాదు సార్" అంది. "మన ఊళ్ళో ఎండాకాలం సూర్యుడు ఉత్తరానికి జరిగి పుడతాడు, ఉత్తరానికి జరిగే అస్తమిస్తాడు. వేసవిలో వాకిట్లో నిలబడ్డ ఎవరికైనా తెలుస్తుంది. నాకు తెలియాలి సార్."

"ఆ ఫిల్ము గాజుందిగదమ్మా?"

"అది కనబడని కిరణాల్నే ఆపుతుంది. కళ్ళెదుట కనబడుతున్న ఎండని ఆపడానికి అక్కడ బల్లలుండేవి."

ఆ ఎండ సాయంత్రాలు రెండోవైపునుంచి వచ్చి తూర్పు గోడ మీద మరో నాలుగు బొమ్మల్ని కూడా నాకిందని ఆ రోజే తేలింది. కోటబొమ్మాళి సంతలో గులాబీ తలపాగాలు పోయాయి. ఉదయం మేం రాకముందు, సాయంత్రం మేం వెళ్ళాక, రెండు ఎండాకాలాలు. మా ఆఫీసు వేళలు సూర్యుడికి అంత కచ్చితంగా తెలుసు.

వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళి, నిన్న అడిగిన మాటకి నలుగురి ముందూ తప్పయిందన్నాను. అతను "పోనీండి బాబూ" అన్నాడు కానీ నా ముఖం చూడలేదు. తర్వాత కూడా ఎప్పుడూ నాతో పని మాట తప్ప మాట్లాడలేదు.

టీచరమ్మ మాత్రం హాల్లోనే ఉంది. ఎండముక్క సుద్దగీతల్లోంచి కిందికి జారేదాకా చూసి బయటికొచ్చింది. నేను ముందుగానే సిద్ధం చేసుకున్న మాటలన్నీ మొదలుపెట్టాను. నిపుణుల్ని పిలిపిస్తాం, రంగు తిరిగి వేయిస్తాం, నష్టపరిహారానికి పైకి రాస్తాం. అలవాటు కదా, ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతున్నాను.

"సారూ, ఆగండి" అంది. అరవలేదు. "పోయిన రంగు మళ్ళీ రాదని మీకూ తెలుసు. పదమూడు బొమ్మలూ నేను తీసుకుపోతాను. కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి."

"పద్నాలుగోదమ్మా?"

"అది మా నాన్న వేసింది కాదు. ఆయన వేసింది మీరు తుడిచీసేరు. ఇప్పుడున్నది మీరు వేసిన బొమ్మ. మీ దగ్గరే ఉంచుకోండి."

ఆటోలో పదమూడు బొమ్మలూ దుప్పట్లలో చుట్టి పెట్టించుకుని వెళ్ళిపోయింది. నా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళమని అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఆ బొమ్మని ఇప్పుడు చీకటిగదిలో, పలుచటి సొరుగులో పడుకోబెట్టి ఉంచారు. అడిగినవాళ్ళకి తీసి చూపిస్తారు. కొత్తగా చేరిన ఇంజినీర్లకి, ఆర్కిటెక్టు పిల్లలకి, దాన్నీ ఆ ఎర్రటి అంచునీ చూపించమని నేనే అడిగి ఏర్పాటు చేశాను. అందరూ 'అయ్యో' అంటారు. ఆ తర్వాత, 'ఎవరు సార్ ఆ ఇంజినీరు?' అని అడుగుతారు. పేరు చెప్పకండి అని మాత్రం నేను ఎవర్నీ బతిమాలుకోలేదు.

చివరి బిల్లు నేనిలా వేసుకున్నాను. పాత టేకు మీద తెచ్చిన లాభం, వచ్చింది. దాంతో కొన్న గాజు బాగానే ఉంది, ఈనాటికీ పగల్లేదు. కిటికీలకి మళ్ళీ గంతలు పెట్టించాను. పాతవి ఏ లాడ్జి తలుపులయ్యాయో దొరకలేదు. కొత్తవాటికి పాత ధర మీద మూడు రెట్లయింది. నా జీతంలోంచి కోసినది పోగా మిగతాది ప్రభుత్వం భరించింది. వాటిని బిగించింది ముసలి మేస్త్రే, కూలి పుచ్చుకుని వెళ్ళాడు. ఆర్కిటెక్టమ్మాయి ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా ఒక జూన్ చూశాకే డ్రాయింగు ఇస్తుందట. అది లాభంలో రాసుకోవచ్చేమో కానీ నాది కాదు. ఒక మనిషిని దొంగ అన్నాను. నాలుగు బొమ్మల్లో గులాబీలు, పసుపులు సగం పోయాయి. అయిదోదాంట్లో ఎర్ర చీర ఒకటి పోయింది. పూర్తిగా. ఆ బొమ్మ మీదే అని ఆమె నా పేరున రాసి వెళ్ళింది. నేను బేరం ఆడలేదు.